దొంగముద్రల అంగడి

వస్తువునకు విలువ నిచ్చునవి రెండు: ఒకటి దానిలోని పస, రెండవది దానిపై నున్న పేరు. పస వాడిన పిమ్మట గాని తెలియదు. పేరు కొనునప్పుడే కనబడును. కావున కొనువాడు పేరును నమ్మి సొమ్ము చెల్లించును. ఈ నమ్మకమే వర్తకమునకు మూలధనము. పరుల పేరు దొంగిలించి తన సరకుపై నంటించుకొన్నవాడు కొన్నవాని సొమ్మును, పేరు సంపాదించినవాని కష్టమును, ఊరిలోని నిజాయితీగల వర్తకుని జీవనమును ఒక్కసారిగా దోచుకొనుచున్నాడు. నేడు నంద్యాలలోను ఆళ్లగడ్డలోను ఈ దోపిడి అట్టపెట్టెలో చుట్టుకొని ఇంటింటి గడపకు వచ్చి, తలుపు తట్టి, సొమ్ము తీసికొని పోవుచున్నది.

చేతిలోని ఫోనే అంగడియైన కాలమిది. ఒకప్పుడు కర్నూలికో హైదరాబాదుకో పోయి వెదకి తెచ్చుకొనవలసిన పుస్తకము, యంత్రపు విడిభాగము, బిడ్డల చదువునకు కావలసిన పరికరము నేడు రుద్రవరములోని రైతునకును, చాగలమర్రిలోని ఉపాధ్యాయునకును కొలది దినములలో చేరుచున్నది. ఇది మేలే. ఈ కొత్త అంగడిని బహిష్కరింపుడని చెప్పుటకు మేము కలము పట్టలేదు. కాని ప్రాత అంగడిలో కొనువానికి ఒక రక్ష యుండెను. అమ్మువాని ముఖ మెదుట నుండెను. వాని యిల్లు తెలిసినది. సరకు చెడినచో మరునాడు పోయి గల్లా ముందర నిలిచి నిలదీయుటకు వీలుండెను. ఫోనులోని అంగడిలో బొమ్మ కనబడును, వెల కనబడును, నక్షత్రములు కనబడును. అమ్మువాడు మాత్రము కనబడడు. దొంగముద్రవాడు ఈ చీకటినే తన దుకాణముగా చేసికొన్నాడు. మేము చెప్పదలచినదంతయు ఒక్కమాటలో నున్నది: ముద్రను చూచి మురిసి కొనవలదు, అమ్మువానిని తెలిసికొని కొనుడు, మోసపోయినచో మౌనముగా నుండవలదు.

ఈ దొంగతనము నేటిది కాదు. స్వరాజ్యోద్యమ చరిత్ర చదివినవారికి ఇది తెలిసిన కథయే. సహాయనిరాకరణోద్యమముతో ఖద్దరునకు గిరాకి పెరిగిన పిమ్మట మిల్లులు ముతకబట్ట నేసి ఖద్దరని అమ్మసాగెను; జపానునుండి సయితము ఖద్దరును పోలిన బట్ట దిగుమతి యాయెను. గ్రామములో రాట్నము త్రిప్పిన పేదరాలికి చేరవలసిన అణాలు మిల్లు యజమాని పెట్టెలో పడెను. కొన్న దేశభక్తుడు మాత్రము తాను దేశసేవ చేసితిననియే నమ్మెను. దొంగముద్రలోని విషమిదియే. అది కొనువాని సొమ్మునే కాక వాని సదుద్దేశమును గూడ దొంగిలించును.

నాటివారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1925లో స్థాపింపబడిన అఖిల భారత చరఖా సంఘము నిజమైన ఖద్దరు నమ్ము దుకాణములకు ధ్రువపత్రములిచ్చు పద్ధతిని నడపెను. 1934లో ఖద్దరు నామరక్షణ చట్టము వచ్చెను. ఆ చట్టము వర్తించిన చోట 'ఖద్దరు', 'ఖాదీ' అను మాటలను ఏ భాషలో వ్రాసినను, మన దేశమున చేత వడికిన నూలుతో మన దేశముననే చేమగ్గముపై నేసిన బట్టయనియే అర్థము. మరియొక బట్టకు ఆ పేరు పెట్టుట తప్పుడు వర్తకవర్ణన యగును. పరప్రభుత్వపు కాలమున సయితము ఒక్క పేరును కాపాడుటకు చట్టము పుట్టినదన్నచో పేరునకు గల విలువ ఎంతటిదో ఊహింపవచ్చును. ఆ పోరాటము మూడుకాళ్ల పీటవలె నిలిచెను: సరకునకు నిర్వచనము, అమ్మువానికి ధ్రువపత్రము, కొనువానికి దీక్ష. మూటిలో ఏది విరిగినను పీట కూలును.

ఇప్పుడు అదే ఖాదీ గతి యేమో చూడుడు. ఫోనులోని అంగళ్లలో ఖాదీ పేరిట కానిసరకు అమ్ముడుపోవుట చూచి ఖాదీ గ్రామోద్యోగ కమిషనువారు వేయికి మించిన సంస్థలకు నోటీసు లిచ్చిరి. దాని ఫలితముగా అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్ మొదలగు అంగళ్లనుండి 160కి పైగా అమ్మకపు పుటలు తొలగింపబడినట్లు 2020 సెప్టెంబరులో ప్రకటించిరి. ఇంతలో మరియొక పాఠము వచ్చెను. బొంబాయిలో దశాబ్దులుగా ఖాదీ భండారము నడపిన ఒక ప్రాచీన ఖాదీ సంస్థయే కల్తీ ఖాదీ అమ్ముచున్నదని 2022 జనవరిలో కమిషను దాని ధ్రువపత్రమును రద్దు చేసెను. మొదటి సంగతి కనబడని అమ్మకందారును గూర్చి హెచ్చరించుచున్నది. రెండవది కనబడు అమ్మకందారునైనను కన్నుమూసి నమ్మరాదని బోధించుచున్నది. ముద్రకు కావలివాడు లేనిచో ముద్ర వట్టి రంగుపూత.

బట్ట నకిలీయైనచో సొమ్ము పోవును, ప్రాణము పోదు. వంటయింటి కుక్కరు నాసిరకమైనచో? 2021 ఫిబ్రవరి 1 మొదలు ఐ.ఎస్.ఐ. గుర్తు లేని ప్రెషరు కుక్కరు అమ్మరాదని ప్రభుత్వపు ఉత్తరువు. అట్లయినను ఆ ప్రమాణమును పాటింపని కుక్కర్లు ఫోను అంగళ్లలో అమ్ముడుపోయెను. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ విషయమున ఉత్తరువు లిచ్చెను. అమెజాన్ ద్వారా 2,265, ఫ్లిప్‌కార్ట్ ద్వారా 598 కుక్కర్లు అమ్ముడైనవని తేల్చి, కొన్నవారికి తెలియజేసి, సరకు వెనుకకు తీసికొని, సొమ్ము తిరిగి యిమ్మనియు, ఒక్కొక్క సంస్థ లక్ష రూపాయల జరిమానా చెల్లింపుమనియు ఆజ్ఞాపించెను. 2,265 కుక్కర్ల అమ్మకముపై అమెజానునకు ముట్టిన రుసుము రూ. 6,14,825 అని ఆ ఉత్తరువులోనే కలదు. ఆరులక్షల రాబడికి లక్ష జరిమానా! దానిపైనను ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించినది. దండన రాబడికంటె చిన్నదైనప్పుడు అది దండన కాదు, వ్యాపారపు ఖర్చులలో ఒక పద్దు.

ఇది ముగిసిన కథ కాదని 2025 మార్చి చూపించెను. ఢిల్లీలోని అమెజాన్ గిడ్డంగిలో భారతీయ ప్రమాణముల సంస్థవారు పదునైదు గంటలు సోదా చేసి, ఐ.ఎస్.ఐ. గుర్తు లేనివియు, దొంగగుర్తు అంటించినవియు అగు 3,500కు పైబడిన విద్యుత్పరికరములను స్వాధీనపరచుకొనిరి. వాని వెల సుమారు 70 లక్షల రూపాయలు. అదే ఊరిలో ఫ్లిప్‌కార్టునకు చెందిన గిడ్డంగిలో గుర్తు లేని 590 జతల క్రీడా పాదరక్షలు దొరకెను. నీళ్లు కాచు గీజరు, పచ్చడి రుబ్బు మిక్సీ, బిడ్డ మంచము ప్రక్కన నుంచు ఛార్జరు ఈ కోవలోనివే. తీగకు పూత సరిగా లేని ఒక్క పరికరము ఇల్లు తగులబెట్టుటకు చాలును. దొంగముద్ర హెల్మెట్ ధరించి నంద్యాలనుండి ఆళ్లగడ్డకు రాత్రివేళ బండిపై పోవు యువకుడు తలకు రక్ష యున్నదని భ్రమించుచున్నాడు. అట్టి భ్రమ రక్ష లేకుండుటకంటె హానికరము.

ఇంత జరుగుచుండగా ఆ అంగడి నడుపు కంపెనీలు ఏమనుచున్నవి? 'మేము అమ్మువారము కాము. అమ్మువానికిని కొనువానికిని నడుమ నున్న మధ్యవర్తులము' అనుచున్నవి. చట్టములో దీనికి చోటు కలదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 79వ సెక్షను, కొన్ని నిబంధనలకు లోబడి, ఇతరులు పెట్టిన సమాచారమునకు మధ్యవర్తిని బాధ్యుని చేయదు. విదేశపు పెట్టుబడితో నడచు ఇట్టి అంగడి తన సొంతసరకు నిలువచేసి అమ్మరాదని మన పెట్టుబడి నిబంధనలును చెప్పుచున్నవి. కావున ఆ అంగడిలో ప్రతి సరకు వెనుకను మరియొక అమ్మకందారు ఉండి తీరును. ఆ అమ్మకందారు ఎచ్చటనో ఒక గదిలో కూర్చుండి, నేడొక పేరుతోను రేపు మరొక పేరుతోను అంగడి తెరువగలడు. కొనువాడు కంపెనీ పేరు నమ్మి కొనును. చిక్కు వచ్చినప్పుడు అమ్మకందారు పేరు బయటికి వచ్చును. నమ్మిక ఒకరిమీద, బాధ్యత మరొకరిమీద! ఈ విడదీతయే దొంగముద్రవానికి కోట.

న్యాయస్థానములును ఒక్క త్రోవ నడువలేదు. అమ్మకములో చురుకుగా పాలుగొను అంగడికి ఈ చట్టపు నీడ తనంతట దొరకదని 2018 నవంబరులో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి యొకరు చెప్పిరి. చురుకైన మధ్యవర్తి, చురుకులేని మధ్యవర్తి అను భేదము చట్టములో లేదని 2020 జనవరిలో అదే కోర్టున ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము వేరొక వ్యాజ్యములో చెప్పెను. మా అభిప్రాయము స్పష్టము. సరకును గిడ్డంగిలో దాచి, పెట్టెకు తన పేరు ముద్రించి, ఏది ముందర కనబడవలెనో ఏది వెనుక దాగవలెనో తానే నిర్ణయించి, ప్రతి అమ్మకముపైనను పాలు తీసికొను సంస్థ వట్టి మధ్యవర్తి కాజాలదు. సంతలో గుడారము వేయించి పన్ను వసూలుచేయు పెద్ద, తన సంతలో దొంగతూకముల కొలువు సాగుచుండగా 'నాకేమి తెలియును' అనుట ధర్మమా?

ఇతర దేశములు మేలుకొన్నవి. అమెరికాలో 2023 జూన్ 27 మొదలు అమలులో నున్న చట్టము ప్రకారము, ఏడాదిలో ఒక పరిమితికి మించి కొత్త సరకు నమ్ము ప్రతి అమ్మకందారుని బ్యాంకు ఖాతాను, పన్ను సంఖ్యను, సంప్రదింపు వివరములను అంగడి నడుపు సంస్థయే సేకరించి సరిచూడవలెను. ఐరోపా సమాఖ్య చట్టమును వర్తకుని ఆనవాళ్లు రాబట్టనిదే అతనికి చోటు ఈయరాదని శాసించుచున్నది. మన దేశమున 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు మంచి ఆరంభము. అమ్మకందారు పేరు, చిరునామా, సంప్రదింపు వివరములు అంగడిలో చూపవలెననియు, ఫిర్యాదును 48 గంటలలో అందుకొన్నట్లు తెలిపి నెల దినములలో పరిష్కరింపవలెననియు, నకిలీయని తేలిన సరకును వెనుకకు తీసికొనుటకు అమ్మకందారు నిరాకరింపరాదనియు అందు కలదు. చూపిన చిరునామా నిజమైనదా యని సరిచూచు బాధ్యతను గూడ ఆ అంగడి నడుపువారిపై గట్టిగా మోపవలెను. దొంగసరకు వలన వచ్చిన రాబడినంతను కక్కించునట్లు జరిమానాను పెంచవలెను. ఈ రెండును ప్రభుత్వమువారిని మేము కోరునవి.

కాని ప్రభుత్వము కదలువరకు పౌరుడు కదలకుండరాదు. కొనుటకు ముందు చేయవలసిన పరీక్ష పెద్దది కాదు. పది నిమిషముల పని.

మొదటిది, అమ్మకందారు పేరు చదువుడు. బొమ్మ క్రిందనో వెల క్రిందనో చిన్న అక్షరములలో అది యుండును. దానిపై నొక్కినచో చిరునామా రావలెను. చిరునామా లేనివాని యొద్ద, లేక ఊరును వీధియు తేలని చిరునామా గలవాని యొద్ద కొనవలదు. వెలగల వస్తువైనచో ఆ మార్కా యజమాని సొంత వెబ్‌సైటులో అధికృత విక్రేతల పట్టిక యున్నదేమో చూచి, ఈ పేరు అందున్నదో లేదో సరిపోల్చుడు.

రెండవది, వెలను శంకింపుడు. పండుగ తగ్గింపు వేరు, అసాధ్యపు వెల వేరు. ఊరి దుకాణములో మూడువేలు పలుకు వస్తువు ఫోనులో ఆరునూర్లకు వచ్చుచున్నదన్నచో దొరకినది లాభము కాదు, ఎర. తూకము, తయారీదారు లేక దిగుమతిదారు పేరు, తయారైన దేశము, గరిష్ఠ చిల్లర ధర అమ్మకపు పుటలో చూపవలెనని తూనికలు కొలతల నిబంధనలు చెప్పుచున్నవి. అవి లేని పుటను అక్కడనే మూయుడు.

మూడవది, గుర్తును సరిచూడుడు. ఐ.ఎస్.ఐ. గుర్తుతోపాటు లైసెన్సు సంఖ్య యుండును. భారతీయ ప్రమాణముల సంస్థవారి 'బి.ఐ.ఎస్. కేర్' అను యాప్‌లో ఆ సంఖ్య వేసినచో లైసెన్సు ఎవరిదో, అది చెల్లుచున్నదో లేదో తెలియును. బంగారు నగపై ఆరు అక్షరాంకముల హెచ్.యు.ఐ.డి. సంఖ్యను అందే పరీక్షింపవచ్చును. 2023 ఆగస్టు 1 పిమ్మట తయారైన మందులలో ప్రభుత్వము నిర్దేశించిన 300 మార్కాల పెట్టెలపై క్యూఆర్ కోడు ఉండవలెను. దానిని ఫోనుతో చదివి పెట్టెపై వ్రాతతో సరిపోల్చుడు. గుర్తు అంటించుట దొంగకు సులభము. గుర్తు వెనుక నున్న లెక్కను అల్లుట కష్టము.

నాల్గవది, నక్షత్రములను లెక్కపెట్టవలదు, చదువుడు. పొగడ్తలును అంగడిలో అమ్ముడుపోవుచున్నవి. ఒకే దినమున వచ్చిన, ఒకే వాలుగల ప్రశంసలు కూలికి వచ్చిన చప్పట్లు. ఒకటి రెండు నక్షత్రము లిచ్చినవారి మాటలలోనే నిజము చిక్కును. 2022 నవంబరులో ఇట్టి అభిప్రాయముల సేకరణకు భారతీయ ప్రమాణముల సంస్థ ఒక ప్రమాణము ప్రకటించినను, దానిని పాటించుట నాడు అంగళ్ల ఇచ్చకే విడువబడెను.

ఐదవది, అంగడియే నకిలీ కావచ్చును. వాట్సాప్‌లో వచ్చిన లంకెను నొక్కి, పేరుగల అంగడిని పోలిన దొంగపుటలో సొమ్ము చెల్లించినవారు కలరు. లంకెను విడిచి యాప్‌ను మీరే తెరువుడు. సొమ్ము అట్లు పోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయుడు. తొలిగంటలు మిక్కిలి విలువైనవి.

సరకు వచ్చినప్పుడు పెట్టె విప్పుటను ఫోనులో వీడియో తీయుడు. పెట్టెపై నున్న చీటిని, బిల్లును పారవేయవలదు. ఇవియే రేపటి సాక్ష్యము. మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక చెప్పుచున్నాము: న్యాయము గలవాడును కాగితము లేక ఓడిపోవును.

సరకు నకిలీయని తేలినచో మొదట అంగడివారికి వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, దాని సంఖ్యను వ్రాసి యుంచుకొనుడు. జవాబు రానిచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము 1915. అప్పటికిని దారికి రానిచో జిల్లా వినియోగదారుల కమిషను. 2019 చట్టము కొనువానికి గొప్ప సౌకర్య మొకటి చేసెను: కంపెనీ బెంగుళూరులో నున్నను, అమ్మకందారు సూరతులో నున్నను, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలకు మించనిచో రుసుము లేదు. వకీలు లేకున్నను స్వయముగా చెప్పుకొనవచ్చును. 2025 జనవరి మొదలు నడచుచున్న 'ఈ-జాగృతి' ద్వారా ఇంటినుండియే దాఖలు చేయవచ్చును. కారణము పుట్టిన రెండేండ్లలో ఫిర్యాదు చేయవలెనని మాత్రము మరువరాదు.

'నాలుగువందల రూపాయల కొరకు ఇంత శ్రమయా?' అని పలువు రడుగుదురు. దొంగముద్రవాని లెక్కయు ఇదియే! ఒక్కొక్కరి నష్టము చిన్నదైయుండుటచే ఎవడును అడుగడని వాడెరుగును. వాని సంపదకు పునాది వాని తెలివి కాదు, మన సోమరితనము. నూరుమంది మౌనము వాని కొక దుకాణమును కట్టి యిచ్చును. పదిమంది ఫిర్యాదు ఆ దుకాణమును మూయించును.

ఇంకొక తెగవారు కలరు. వారు మోసపోవుట లేదు. తెలిసియే 'ఫస్టు కాపీ' యని పిలుచు దొంగముద్ర గడియారమును, బూటును కొని, పెండ్లిలో పదిమందికి చూపి గర్వపడుచున్నారు. వారికి మేము చెప్పునది కఠినమైనను చెప్పక తప్పదు. దొంగసొత్తును తెలిసి కొనుట దొంగతనములో పాలు పంచుకొనుటయే. చవుకైన వస్తువు కావలెనన్నచో తన పేరుతో తాను అమ్ముడుపోవు చవుకవస్తువును కొనుడు. అందు సిగ్గు లేదు. ఊరి వర్తకులకును ఒక మాట. నకిలీ సరకు ఫోనులోనే యున్నదని ఎవరును ప్రమాణము చేయలేరు. మీ అరలలో దానిని తీసివేయుడు. అడుగకయే బిల్లు ఇండు. ఫోను అంగడికి లేని ముఖము మీకున్నది. దానిని నిజాయితీతో కాపాడుకొన్నచో కొనువాడు మీ గుమ్మమునకే తిరిగి వచ్చును.

ఈ విషయము ఇతరులకంటె మన సీమవారికి దగ్గరిది. 2022 ఏప్రిలులో ఏర్పడిన మన నంద్యాల జిల్లాలోనిదే బనగానపల్లె. ఆ ఊరి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చెను. ఆ పేరు వ్రాసి ఎచ్చటి పండునో అమ్మువాడు మన తోటరైతు చెమటను అమ్ముకొనుచున్నాడు. ఆళ్లగడ్డ శిల్పమునకును అట్టి గుర్తింపు కలదు. రాతిని ఉలితో తొలచి దేవతామూర్తిని వెలికితీయు శిల్పికి నెలలు పట్టును. రాతిపొడిని జిగురుతో కలిపి అచ్చుపోసిన బొమ్మకు పూట చాలును. రెండును ఫోనులో ఒకే బొమ్మగా కనబడును. రెండింటి క్రిందను 'రాతివిగ్రహము' అనియే వ్రాయుదురు. అచ్చుబొమ్మకు అతుకుగీత యుండును, బుడగల గుంటలుండును, నూరు బొమ్మలు నూరును ఒక్కతీరుగా నుండును, ఉలిపని యట్లుండదు. ఇతరుల ముద్ర దొంగిలించిన వస్తువును నవ్వుచు కొన్నవాడు, రేపు ఆళ్లగడ్డ శిల్పి పేరు దొంగిలింపబడినప్పుడు ఏ నోటితో న్యాయ మడుగును?

పేరునకు గల విలువను నంద్యాలకు ఒకరు నేర్పవలసిన పని లేదు. 1800లో నైజాము ఇంగ్లీషు కంపెనీకి అప్పగించినందున 'దత్తమండలము'లని పిలువబడిన ఈ ప్రాంతమునకు, 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలోనే చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' యను పేరు సూచించెను. పరులు అంటించిన చీటిని చించి తన పేరు తాను పెట్టుకొన్న సీమ ఇది. కర్నూలున పుట్టి, 1908లో 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకై చెరసాల కేగిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పిదప గ్రంథాలయోద్యమమునకు తన జీవితము ధారపోసెను. చదువనేర్చినవాడు చదువురానివానికి కన్నుగా నుండవలెననియే ఆ ఉద్యమపు సారము.

ఆ సారమును నేడు ఆచరణలో పెట్టుటకు మా సూచన యిది. నంద్యాల, ఆళ్లగడ్డలలోని ప్రతి పఠనమందిరమును వారమున కొక సాయంకాలము, ఒక గంట, ఒక బల్లను ఈ పనికి కేటాయింపవలెను. ఇద్దరు కళాశాల విద్యార్థులు, ఒక న్యాయవాది అచ్చట కూర్చుండవలెను. మోసపోయినవాడు పెట్టెను, బిల్లును, ఫోనును తెచ్చినచో అక్కడనే గుర్తు సరిచూచి, ఫిర్యాదు వ్రాసి పంపవలెను. ఒక పుస్తకములో తేది, వస్తువు, అంగడి, అమ్మకందారు, ఫలితము వ్రాయవలెను. ఋజువైన దానినే వ్రాయవలెను, వదంతిని వ్రాయరాదు. ఏడాది తిరుగునప్పటికి ఆ పుస్తకము ప్రభుత్వమునకు చూపదగిన సాక్ష్యమగును. దానిలోని ఫలితములను ప్రకటించుటకు ఈ పత్రిక సిద్ధము. ఆ బల్ల ముందర కూర్చుండుటకు న్యాయవాదులమైన మేమును సిద్ధము.

ఖద్దరు దినములలో కార్యకర్తలు మూటలు మోసికొని వీధివీధి తిరిగి నిజమైన బట్టను చూపి అమ్మిరి. నేడు మనము మోయవలసినది మూట కాదు. కొనుటకు ముందు ఒక ప్రశ్న, మోసపోయిన పిదప ఒక ఫిర్యాదు. 'అమ్మువా రెవరు?' అని ప్రతి యింటిలో అడుగుట మొదలైన దినమున దొంగముద్రల అంగడి తనంతట తాను మూతపడును.